తుజ్‌కుదుక్‌లో చమురు పడింది

ఆ రోజు పొద్దున కలాంపిర్ ముసలమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మనవరాలు జాదిరా పెరట్లో ఒక గుంజ పాతాలి. ఆ గుంజకు మక్తాను కట్టెయ్యాలి. మక్తా ఇక వంటింట్లోకి రాకూడదు. అంతే.

మక్తా ఒక ఒంటెపిల్ల. తెల్లగా, ఒళ్ళంతా పింజలు పింజలుగా బొచ్చుతో ఉంటుంది. వాళ్ళ భాషలో ఆ పేరుకు దూది అని అర్థం. పుట్టిన కొద్దిరోజులకే తల్లి రైలు పట్టాల మీదికెళ్ళి చచ్చిపోతే జాదిరా సీసాతో పాలు పట్టి పెంచింది. మనుషుల మధ్యే పెరగడం వల్ల అది తనను తాను మనిషే అనుకుంటోంది. ముందురోజు సాయంత్రం వంటింట్లో దూరి, నూనెలో వేయించి పెట్టిన బౌర్సాకులనే పిండి ఉండల పళ్ళెం ఖాళీ చేసింది. తర్వాత ముసలమ్మ తలగుడ్డ అంచు కూడా రుచి చూసింది.

"అది ఒంటేనా, కొత్తల్లుడా? వంటింటి గుమ్మంలో నిలబడి ఇంకా ఏముందీ అన్నట్టు చూస్తోంది," అంది ముసలమ్మ. "ఇవాళ గుంజ పడాల్సిందే. మీ బాబాయి చేత తవ్విద్దామంటే వాడు తెల్లారగానే డీజిలు కోసం బంకుకు పోయి కూర్చున్నాడు. నువ్వే తవ్వు."

"సరే నాయనమ్మా," అంది జాదిరా. అమ్మానాన్నలు పట్నంలో పని చేస్తుంటే నాయనమ్మ దగ్గర పెరుగుతున్న ఆ పదిహేనేళ్ళ పిల్ల రోజు మొత్తంలో మాట్లాడే మాటల్లో సగం ఆ రెండే. మిగతా సగం మక్తాతో.

డీజిలు సంగతి చెప్పుకోవాలి. తుజ్‌కుదుక్‌లో ఎవరి గుమ్మంలో నిలబడి చూసినా దూరంగా చమురు బావుల మీద మండే మంటలు కనిపిస్తాయి. ఊరి పక్కనుంచే చమురు రైలు పోతుంది. దాని మొదటి తొట్టి కనిపించినప్పుడు టీ పొయ్యిమీద పెడితే, చివరి తొట్టి దాటేసరికి తాగి గిన్నెలు కడుక్కోవచ్చు. ఆ చమురు ఎక్కడో ఉన్న శుద్ధి కర్మాగారానికి పోయి, అక్కడ డీజిలుగా మారి, దారిలో ఉన్న వాళ్ళందరికీ పంచగా తుజ్‌కుదుక్ బంకుకు వచ్చేసరికి 'లేదు' అన్న బోర్డు మాత్రం మిగులుతుంది. టీవీలో చమురు కంపెనీ లాభం చెప్పేటప్పుడు వార్తలు చదివే అమ్మాయికి ఆ అంకె సగంలోనే ఊపిరి అయిపోతుంది. "పాపం, ఆ పిల్లకెవరైనా గుక్కెడు టీ ఇవ్వండర్రా," అంటుంది కలాంపిర్ ముసలమ్మ.

అయితే సర్కారుకు జాలి లేకపోలేదు. ఏటా వసంతంలో పొలాలు దున్నుకోవడానికి రైతులకు చవగ్గా డీజిలు ఇస్తుంది. తుజ్‌కుదుక్‌లో దున్నడానికి ఉప్పు నేలా, ఒంటెలు తినే ముళ్ళపొదలూ తప్ప ఏమీ లేవు. అయినా సర్కారు లెక్కలో ప్రతి ఇంటికీ ఒక ట్రాక్టరు పరుగులు తీస్తోంది. జాదిరా బాబాయి తిలెగెన్ ట్రాక్టరు కూడా అలాంటిదే. దాని సీటు మీద కోడిపెట్ట పొదుగుతోంది.

ఆ ట్రాక్టరు పేరు చెప్పి తెచ్చిన డీజిలు ఎక్కడుందో జాదిరాకు తెలుసు. మధ్యాహ్నం తిండి అయ్యాక తుజ్‌కుదుక్ మొత్తం తలుపులు బిగించుకుని పడుకుంటుంది. ఆ వేళలో వీధిలో కుక్క కూడా తిరగదు. సరిగ్గా అలాంటి వేళ చూసి బాబాయి గడ్డివామి వెనక గొయ్యి తీసి, పెద్ద ఇనప పీపా ఒకటి పాతిపెట్టాడు. పని ముగించి తలెత్తేసరికి మక్తాకు పాలు పడుతూ జాదిరా కనిపించింది. బాబాయి పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. అందరిలోకీ ఆ పిల్లకు ఆ సైగ చెయ్యడం దండగ.

అందుకే జాదిరా గుంజ కోసం గడ్డివామికి దూరంగా, పక్కింటి గోడ వారగా చోటు చూసుకుంది. పార వేసింది. పైన తెల్లటి ఉప్పు మన్ను వచ్చింది. మోకాలి లోతు దిగేసరికి నల్లగా, తడిగా, జిడ్డుగా వచ్చింది. జాదిరా వంగి వాసన చూసి, వెనక్కి తిరిగి గడ్డివామి వైపు చూసింది. పెరడు అటునుంచి ఇటు వాలుగా ఉంది.

పీపా కారుతోంది.

"ఏం చేస్తున్నావే పిల్లా?" గోడ మీద ఒక తల మొలిచింది. పక్కింటి కుల్పాషత్త.

జాదిరా గబుక్కున గొయ్యి మీద కూర్చుంది. "గుంజ," అంది.

"గుంజ కోసం తవ్వి దాని మీద నువ్వు కూర్చుంటే గుంజెక్కడ పాతుతావే? లే. ఏంటా వాసన?"

జాదిరా చెవులు ఎర్రబడ్డాయి. ఎవరి చెవులైనా ఎర్రబడ్డాయంటే కుల్పాషత్తకు అక్కడేదో దొరుకుతుందని లెక్క. తుజ్‌కుదుక్‌లో శుభవార్త మోసుకెళ్ళడంలో ఆమెను దాటినవాళ్ళు లేరు. అక్కడి పద్ధతి ప్రకారం మంచి కబురు ఎవరు ముందు తెస్తే వాళ్ళు గుమ్మంలోంచే "సుయిన్షి!" అని కేకేస్తారు. విన్నవాళ్ళు ఆ సంతోషానికి బదులుగా ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. మనవడు పుట్టాడనీ, కొడుకు పరీక్ష పాసయ్యాడనీ, తప్పిపోయిన గుర్రం దొరికిందనీ చెప్పి కుల్పాషత్త సంపాదించిన తలగుడ్డలు ఒక పెట్టెనిండా ఉన్నాయి.

ఆమె గోడ దూకింది. జాదిరాను పక్కకు నెట్టింది. గొయ్యిలో వేలు పెట్టి, ఎండకు పట్టి చూసింది. వేలు నిగనిగ మెరిసింది.

"అల్లా! చమురే!"

"కాదత్తా..." అంది జాదిరా. ఆ మాట ఆమె పళ్ళు దాటి వచ్చేసరికి కుల్పాషత్త పెరడు దాటిపోయింది.

"సుయిన్షి పెద్దమ్మా, సుయిన్షి! మీ పెరట్లో చమురు పడింది!"

కలాంపిర్ ముసలమ్మ చేతిలోని చాటను పిండితో సహా వదిలేసింది. "నిజంగానే?"

"చూడు నా వేలు!"

ముసలమ్మ ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "మా ఆయన బతుకంతా ఆ బావుల మీదే పోయిందే కుల్పాష్. చమురంతా రైలెక్కి పోయింది. ఆయన ఇంటికి తెచ్చింది దగ్గూ, చొక్కాకు తగిలించుకునే ఒక బిళ్ళా. ఇన్నాళ్ళకు అది ఆయన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది! అడుగు. నీకేం కావాలో అడుగు!"

మామూలుగా ఈ మాటకు అవతలివాళ్ళు "నాకేం వద్దులే, మీ సంతోషమే చాలు" అని, తలగుడ్డ ఇస్తే పుచ్చుకుని పోతారు. కుల్పాషత్త కూడా ఆ మాటే అనడానికి నోరు తెరిచింది. అదే సమయానికి మక్తా నోట్లో ఒక బౌర్సాక్ పెట్టుకుని వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టింది. ఎండలో దాని బొచ్చు వెండిలా మెరిసింది.

"ఆ తెల్ల పిల్లనిచ్చెయ్ పెద్దమ్మా."

ముసలమ్మ ఒక్క క్షణం మింగలేక కక్కలేక నిలబడింది. కానీ అడగమన్నాక అడిగింది ఇవ్వకపోతే ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు. "తీసుకుపో," అంది.

"నాయనమ్మా!" జాదిరా చేతిలోంచి పార జారింది.

"మాట జారాక ఏం చెయ్యమంటావే? చమురు డబ్బొచ్చాక నీకు ఒంటెల మందనే కొనిపెడతాను."

"నాకు మంద వద్దు. మక్తా కావాలి."

అంత పొడుగు మాట జాదిరా నోట విని ముసలమ్మ కూడా కంగారుపడింది. కానీ అప్పటికే కుల్పాషత్త మక్తా మెడకు తాడు వేసేసింది. మక్తా పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది. గోడ అవతల నుంచి దాని అరుపు చాలాసేపు వినిపించింది.

జాదిరా గొయ్యి పక్కన కూలబడింది. అది చమురు కాదని తేలితే కుల్పాషత్త తెచ్చింది శుభవార్తే కాదు, మక్తా తిరిగొస్తుంది. కానీ చమురు కాకపోతే మరేంటని అడుగుతారు. చెబితే బాబాయి సర్కారు డీజిలు దాచిన దొంగ అవుతాడు. నోరు తెరిస్తే బాబాయి పోతాడు, తెరవకపోతే మక్తా పోతుంది. ఇంతకాలం నోరు తెరవకపోవడం తేలికైన పనే అనుకుంది ఆ పిల్ల.

ఈలోపు కబురు ఆగలేదు. కుల్పాషత్త తన మొగుడు సగిందిక్‌ను నిద్ర లేపి, ఎవరూ అందుకోకముందే ఊరి పెద్ద అయిన అకిమ్ ఎస్బొలాత్ దగ్గరికి మోటారు సైకిలు మీద తరిమింది. అకిమ్ ఆనందం పట్టలేక తలమీది కొత్త నక్కతోలు టోపీ తీసి సగిందిక్ నెత్తిన పెట్టాడు. తర్వాత జిల్లా అధికారికి ఫోన్ చేసి తానూ "సుయిన్షి" అన్నాడు. జిల్లా అధికారి బెక్‌మురాత్ ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ ఒక్క మంచి వార్తా వినలేదు. తుజ్‌కుదుక్‌కు తారు రోడ్డు వేయిస్తానని అక్కడికక్కడే మాటిచ్చి, చమురు కంపెనీకి ఫోన్ కలిపాడు.

బాబాయి తిలెగెన్ ఖాళీ క్యానుతో బంకు నుంచి తిరిగొచ్చేసరికి పెరడు తిరణాలలా ఉంది.

"ఏంటమ్మా ఇదంతా?"

"ఒరేయ్ తిలెగెన్! మనింట్లో చమురు పడిందిరా!"

బాబాయి గొయ్యి వైపు చూశాడు. తర్వాత గడ్డివామి వైపు, ఆ తర్వాత జాదిరా వైపు చూశాడు. జాదిరా కళ్ళతోనే అంతా చెప్పింది. బాబాయి ముఖం పాలిపోయింది. పార అందుకుని గబగబా గొయ్యి పూడ్చడం మొదలెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?" ముసలమ్మ పార పట్టుకుంది.

"చమురు కాదమ్మా."

"మరేంటి?"

"నీళ్ళు."

"నల్లటి నీళ్ళా?"

"ఉప్పు నీళ్ళు."

"ఏరా, నాకు చమురు వాసన తెలీదా? మీ నాన్న చొక్కాలు పాతికేళ్ళు ఉతికాను!" అంది ముసలమ్మ. నిజానికి ఆమెకు రెండేళ్ళ నుంచీ ముక్కు పనిచెయ్యడం లేదు. ఇంట్లో ఆమెకు తప్ప ఆ సంగతి అందరికీ తెలుసు.

"చూశారా, సర్కారుకు చెప్పకుండా తానొక్కడే తోడుకుందామనుకుంటున్నాడు," అని ఆడవాళ్ళలో ఎవరో అన్నారు. "భూమిలోది అందరిదీనయ్యా!"

అప్పుడు సగిందిక్ ముందుకొచ్చాడు. నక్కతోలు టోపీ సర్దుకుని, గుప్పెడు మన్ను తీసి వాసన చూశాడు. ఆయన కనుబొమలు పైకి లేచి, నెమ్మదిగా మళ్ళీ దిగాయి. తిలెగెన్ వైపు ఒక చూపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"చమురే. అసలు సిసలు చమురు."

పక్కనున్న మనిషికి ఆ మన్ను అందించాడు. ఆయన వాసన చూశాడు, ఆకాశం వైపు చూశాడు, "చమురే" అన్నాడు. మూడో ఆయన దగ్గి "చమురే" అన్నాడు. మన్ను చేతులు మారుతున్న కొద్దీ మగవాళ్ళ గొంతులు చిన్నబోతున్నాయి. చివరికి అకిమ్ ఎస్బొలాత్ వచ్చి, అందరికన్నా పెద్ద గుప్పెడు తీసుకుని గట్టిగా పీల్చాడు. అలాగే కొయ్యబారిపోయాడు. ఆయన ఫోన్ ముందు చేశాడు, వాసన తర్వాత చూశాడు.

జాదిరాకు ఏమీ అర్థం కాలేదు. వీళ్ళలో లారీ తోలినవాళ్ళున్నారు, ఇంజన్లు విప్పినవాళ్ళున్నారు. ఒక్కరికి కూడా డీజిలు వాసన తెలియదా? చమురు పడిందని ఇంత గట్టిగా చెబుతున్నవాళ్ళు అందరూ ఒక్కసారిగా ఎవరిళ్ళకు వాళ్ళు అంత తొందరగా ఎందుకు పోతున్నారు?

మర్నాడు జిల్లా అధికారి బెక్‌మురాత్ పెద్ద కారులో దిగాడు. వెంట చమురు కంపెనీ ఇంజినీరు సౌలె వచ్చింది. నడివయసు మనిషి. బూట్ల నిండా మట్టి, ముఖం నిండా నిద్రలేమి. మన్ను తవ్వి చూసే డ్రిల్లింగు లారీ కూడా బయల్దేరింది కానీ ఊరి మొదట్లో ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అధికారి.

"డీజిలు అయిపోయింది," అంది సౌలె. "దారిలో ఏ బంకులోనూ లేదు."

అధికారి ఊరివాళ్ళ వైపు తిరిగాడు. "చమురు వెతకడానికి డీజిలు కావాలి. మీలో ఎవరి దగ్గరైనా ఒక్క క్యానుంటే..."

పెరట్లో ఉన్న మగవాళ్ళంతా తమ బూట్లను జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు.

"చుక్క లేదండీ," అన్నాడు సగిందిక్. "దీపానిక్కూడా లేదు."

"అయ్యో, పేద ఊరు," అని అధికారి నిట్టూర్చి, పట్నం నుంచి డీజిలు తెప్పించమని ఫోన్ చేశాడు. అది వచ్చేలోగా ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. చమురు ఒక్క పెరట్లోనే ఉండదని, అది నేల కింద పరుచుకుని ఉంటుందని, కాబట్టి సాయంత్రం నుంచి ఈ వీధిలో ప్రతి పెరడూ తవ్వి చూస్తారని చెప్పాడు. చమురున్నట్టు తేలితే ఊరు మొత్తాన్ని పట్నానికి మారుస్తారట. అందరికీ అయిదంతస్తుల మేడల్లో ఇళ్ళట.

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళలో ఒక్క చెయ్యీ లేవలేదు. ప్రతి పెరడూ అన్నమాట దగ్గరే వాళ్ళ చెవులు ఆగిపోయాయి.

"మరి మా ఒంటెలో?" అని కుల్పాషత్త అడిగింది.

"లిఫ్టు ఉంటుందమ్మా," అన్నాడు అధికారి.

అతిథులొచ్చాక గొర్రె కోయకుండా ఎలా? కలాంపిర్ ముసలమ్మ ఇంట్లో మాంసం ఉడికింది. పల్చటి పిండి రేకుల మీద మాంసం పరిచిన పెద్ద పళ్ళాలు వచ్చాయి. మర్యాద ప్రకారం గొర్రె తలకాయను ఇంజినీరు సౌలె ముందు పెట్టారు. ఆమె దాని వైపూ, అది ఆమె వైపూ చూసుకున్నాయి.

జాదిరా టీకెటిల్ పట్టుకుని తిరుగుతోంది. నోరు లేని పిల్లతో ఒక సుఖముంది. ఆమె పక్కన నిలబడి ఉన్నా ఎవరూ గొంతు తగ్గించరు. మగవాళ్ళు కూర్చున్న మూల గదిలో ఆమె గిన్నెల్లో టీ పోస్తుంటే సగిందిక్ పళ్ళు కొరుకుతున్నాడు.

"ఒరేయ్ తిలెగెన్, నీ ముష్టి పీపా కారి ఊరందరి కొంపా ముంచిందిరా."

"నాకేం తెలుసు బావా? తుప్పు పట్టిందని అమ్మినవాడు చెప్పాడా?" అని బాబాయి గొణిగాడు. "అంతా తెలిసి చమురే అన్నావెందుకు మరి?"

"డీజిలు అంటే ఎక్కణ్ణుంచి వచ్చిందని అడగరూ? నీ పెరట్లో మొదలెట్టి నా పెరట్లోకి రారూ?"

"నీది ఎక్కడ?"

"కోళ్ళగూడు కింద."

"నాది స్నానాల గది కింద," అన్నాడు ఇంకొకాయన.

"నాది మా అత్తగారి మంచం కింద. ఆమెకు తెలీదు," అన్నాడు మరొకాయన.

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. "ఇంతకీ ఎప్పుడు పాతారు మీరంతా? నేనెవర్నీ చూడలేదే!"

"మధ్యాహ్నం. అందరూ పడుకున్నప్పుడు."

"నేనూ అప్పుడే."

అకిమ్ ఎస్బొలాత్ మాత్రం మాంసం ముట్టలేదు. పళ్ళేన్ని పక్కకు నెట్టి ఒక్క మాటన్నాడు. "నావి రెండు."

జాదిరా చేతిలో టీ గిన్నె నిండి, పొర్లి, సగిందిక్ మోకాలి మీద పడింది. ఆయన అరిచాడు కానీ జాదిరాకు వినిపించలేదు. ఊళ్ళో తానొక్కతే గుట్టు మోస్తున్నానని నిన్నటి నుంచీ నిద్రపోలేదు ఆ పిల్ల.

ఆమె కెటిల్‌తోనే పెరట్లోకి పోయింది. అక్కడ సౌలె గొయ్యి పక్కన గొంతుక్కూర్చుని మన్ను నలుపుతోంది. జాదిరాను చూసి చెయ్యి చాచింది. "కాసిని వేడినీళ్ళు పొయ్యమ్మా. చెయ్యి కడుక్కోవాలి."

"టీ," అంది జాదిరా.

"టీ అయినా పరవాలేదు." చేతులు కడుక్కుంటూ సౌలె మామూలుగా అడిగింది. "మీ బండి డీజిలుతో నడుస్తుందా?"

జాదిరా తలూపింది.

"పీపా గడ్డివామి వెనకా?"

జాదిరా తల ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. సౌలె నవ్వేసింది. "భయపడకు. మా నాన్న గొర్రెల దొడ్డి కింద పాతేవాడు. ఒక చలికాలంలో ఆ పీపా కారితే మా ఇంట్లో మాంసమంతా డీజిలు వాసనే. నేను పోలీసును కాదు తల్లీ. నేల కింద చమురుందా లేదా చెప్పడమే నా పని. ఇక్కడ లేదు. ఏదో బండి కారిన మరక అని చెప్పి పోతాను."

"తవ్వరా?"

"మరకకు ఎవరైనా లారీలు తోలతారా? కానీ ఎలా చెప్పాలో తెలియట్లేదు," అంటూ సౌలె ఇంటివైపు చూసింది. "తలకాయ పెట్టి మరీ మర్యాద చేశారు. వాళ్ళ ఆశ మీద నీళ్ళు పోసినట్టుంటుంది. అంత చేదు కబురు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

చేదు కబురు. జాదిరా ఆ మాటను మనసులో ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. గోడ అవతల మక్తా అరిచింది.

కెటిల్ అక్కడే పెట్టి ఆ పిల్ల పరుగెత్తింది. మూల గది గుమ్మంలో ఆగింది. లోపల అందరూ ఎవరో పోయినట్టు కూర్చుని ఉన్నారు. జాదిరా తిన్నగా సగిందిక్ ముందుకెళ్ళి నిలబడింది. గుండెలనిండా గాలి పీల్చుకుంది. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతుతో అరిచింది.

"సుయిన్షి మావయ్యా! సుయిన్షి!"

సగిందిక్ ఉలిక్కిపడి టోపీ పట్టుకున్నాడు. "ఇంకా ఏం పడిందే?"

"ఏమీ పడలేదు! మన ఊళ్ళో చమురు లేదట! అది బండి కారిన మరకట! ఎవరి పెరడూ తవ్వరట!"

ఇల్లు అదిరిపోయింది. మగవాళ్ళు లేచి ఒకరినొకరు వాటేసుకున్నారు. అత్తగారి మంచం కింద దాచినాయన ఏడ్చేశాడు. అకిమ్ ఎస్బొలాత్ మాంసం పళ్ళేన్ని తనవైపు లాక్కుని రెండు చేతులతో తినడం మొదలెట్టాడు. సగిందిక్ జాదిరాను భుజాలు పట్టి ఊపేశాడు. "నా తల్లే! నా బంగారమే! అడుగు! నీకేం కావాలో అడుగు!"

"మక్తా," అంది జాదిరా.

"తీసుకుపో!"

"ఏంటీ?" అవతలి గదిలోంచి కుల్పాషత్త దూసుకొచ్చింది. "నా ఒంటెనివ్వడానికి నువ్వెవరివయ్యా?"

"మాట జారిందే," అన్నాడు సగిందిక్. కలాంపిర్ ముసలమ్మ ఆ మాట విని తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది. ఆ తర్వాత లేచి, జాదిరా నెత్తిమీద చెయ్యి వేసి, "సుయిన్షి అని అరవడానికి నీలాంటి గొంతే ఉండాలే. మీ తాత గొంతు," అంది. చమురు లేదన్నందుకు ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయిన మాట నిజమే. కానీ గోడ దూకి వచ్చిన మక్తాను చూశాక, ఈసారి దాని నోట్లో ఉన్న తలగుడ్డ కుల్పాష్‌దని గుర్తుపట్టాక, ఆమె మనసు కుదుటపడింది.

ఈ గొడవంతా చూసి జిల్లా అధికారి బెక్‌మురాత్‌కు మతిపోయింది. ఆయన సౌలె చెవిలో అడిగాడు. "చమురు లేదని చెబితే వీళ్ళు పండగ చేసుకుంటున్నారేంటి?"

సౌలె జాదిరా వైపు ఒకసారి చూసింది. "ఊరు వదిలిపోవడం ఇష్టం లేదేమోనండీ," అంది. "మేడలకన్నా వాళ్ళకు ఈ నేలే ఎక్కువేమో."

అధికారి జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. ఇక తిరిగి వెళ్దామంటే పట్నం నుంచి రావాల్సిన డీజిలు రానేలేదు; అది తెచ్చే బండి కూడా దారిలో డీజిలు అయిపోయి ఆగిపోయిందట. లారీ కదలాలి. అధికారి కారు కూడా అడుగంటింది. ఆయన ఏమీ అడగనే లేదు. ముందు తిలెగెన్ బాబాయి ఒక క్యాను తెచ్చాడు. ఇక ఎలాగూ కారిపోయేదే.

"ఎక్కడిదయ్యా?"

"ట్రాక్టరు అడుగున కాస్త మిగిలిందండీ."

ఆయన్ను చూసి సగిందిక్ ఒక క్యాను తెచ్చాడు. వాళ్ళు ఎంత త్వరగా పోతే అంత మంచిదని ప్రతి ఇంటినుంచీ ఒక క్యాను వచ్చింది. అకిమ్ ఇంటినుంచి రెండు వచ్చాయి. అన్నీ ట్రాక్టర్ల అడుగున మిగిలినవే. దీపానికి కూడా చుక్క లేని ఆ పేద ఊరు అతిథుల కోసం అడుగుబొడుగూ ఊడ్చి ఇవ్వడం చూసి జిల్లా అధికారి కారు ఎక్కి కూడా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆయన ఆ ఊరి మంచి మనసును ఊరికే పోనివ్వలేదు. మరుసటి వసంతంలో తుజ్‌కుదుక్‌కు సర్కారు ఇచ్చే చవక డీజిలు రెట్టింపైంది. తారు రోడ్డు మాత్రం రాలేదు.

ఆ ఏడు ఊళ్ళో ఎవరికీ మధ్యాహ్నం నిద్ర లేదు.